బీడు కింది బలగం

కేంద్ర భూవనరుల శాఖ, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి 2019లో వెలువరించిన బంజరు భూముల అట్లాస్ ప్రకారం దేశంలో సుమారు 5.57 కోట్ల హెక్టార్లు, అంటే మొత్తం భూభాగంలో దాదాపు 17 శాతం, బంజరు. అందులో ఇసుక మేటలున్నాయి, చవుడు నేలలున్నాయి, రాతిగుట్టలున్నాయి. వాటి పక్కనే అక్కడక్కడా పొదలున్న గడ్డినేలలూ, మేతబీళ్లూ ఉన్నాయి. మొక్కలు నాటాలన్నా, సౌర ఫలకాలు పరచాలన్నా ముందుగా అందరి చూపూ పడేది వీటిమీదే. ఉపగ్రహం అబద్ధం చెప్పలేదు. అది చూడగలిగింది నేల పైభాగాన్నే. గడ్డినేల సంపదలో అధికభాగం మాత్రం నేల అడుగున ఉంటుంది. వేళ్లూ సూక్ష్మజీవులూ తరాల తరబడి అల్లుకున్న ఆ పొత్తును లెక్కలోకి తీసుకోకుండా ఏ బీడునూ పనికిరానిదని తేల్చకూడదు. ఒకసారి తెగితే దాన్ని విత్తనాలు చల్లి తిరిగి తెచ్చుకోలేం.

ఆ పొత్తు ఎలాంటిదో చూడాలి. గడ్డి తన ఆకుల్లో తయారుచేసుకున్న చక్కెరల్లో కొంత వేళ్ల గుండా మట్టికి వదులుతుంది. ఆర్బస్క్యులర్ మైకోరైజా అనే శిలీంధ్రాలు వేరు కణాల్లోకే చేరి మొక్క నుంచి చక్కెరలూ కొవ్వులూ తీసుకుంటాయి. బదులుగా వేరు చేరలేని దూరం నుంచి భాస్వరాన్ని తెచ్చి ఇస్తాయి. మొక్క లేనిదే వాటికి బతుకు లేదు. భూమ్మీది మొక్క జాతుల్లో దాదాపు 70 శాతం ఈ శిలీంధ్రాలతో కలిసి జీవిస్తున్నవే. గడ్డిలో ఇంకో విశేషం ఉంది. అమెరికాలోని ఎల్లోస్టోన్ గడ్డిపై జరిపి 2001లో ప్రచురించిన ప్రయోగంలో, ఆకు కోసిన వెంటనే వేళ్ల నుంచి మట్టిలోకి చేరే కర్బనం పెరిగింది. దాంతో వేళ్ల చుట్టూ సూక్ష్మజీవులు పెరిగి, మొక్కకు అందే నత్రజనీ పెరిగింది. పశువు మేసిన గడ్డి మళ్లీ చిగురించడంలో నేల అడుగు జీవాల చేయి కూడా ఉందన్నమాట. మంద తిరిగిన నేల పాడైనట్టే అనుకునేవారు ఈ ఒక్క సంగతైనా గమనించాలి.

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రపు ఫ్లింట్ హిల్స్ కొండలు రాళ్లమయం. అందుకే అక్కడ నాగలి పెద్దగా దిగలేదు, అక్కడి కోన్జా ప్రెయిరీ అనే పరిశోధన క్షేత్రంలో పనిచేసేవారికి పాత గడ్డినేల మిగిలింది. అక్కడ కొన్ని మళ్లలో 17 ఏళ్లపాటు శిలీంధ్రాలను మందుతో అణచి చూశారు. మట్టి రేణువులను గట్టిగా పట్టి ఉంచే గుణం తగ్గింది. నేలలో నిలిచే కర్బనం, నత్రజని కూడా తగ్గాయి. అయితే అదే కోన్జాలో, శిలీంధ్రాలు తగ్గినచోట ఏపుగా పెరిగే గడ్డి వెనకబడి, చిన్న మొక్కలు పుంజుకుని, జాతుల వైవిధ్యం పెరిగిందని 1999లో తేలింది. ఐరోపా సున్నపు నేలల గడ్డి మొక్కలతో చేసిన 1998 నాటి ప్రయోగంలో ఇందుకు భిన్నంగా, శిలీంధ్ర జాతులు ఎక్కువైన కొద్దీ మొక్కల వైవిధ్యమూ పెరిగింది. శాస్త్రమే ఒక మాట మీద లేనప్పుడు విధానం ఎలా మార్చాలని ఎవరైనా అడగవచ్చు. ఆ తేడాలోనే జవాబుంది. కాన్సస్‌లో శిలీంధ్రాలపై ఎక్కువగా ఆధారపడింది పెత్తనం చేసే గడ్డి. ఐరోపాలో వాటి దన్నుతో నిలిచినవి చిన్న మొక్కలు. ఏ నేల పొత్తు ఆ నేలది. అందుకే ఒకే రకం మైకోరైజా పొడిని సంచుల్లో తెచ్చి ఎక్కడైనా చల్లితే చాలన్న నమ్మకం నిలవదు.

పోగొట్టుకున్నదాన్ని శాస్త్రం తిరిగి కట్టలేదా? కొంతవరకు కట్టగలదు. నెదర్లాండ్స్‌లో సాగు మానేసిన పొలాల్లో పైమట్టి తీసేసి, పాత గడ్డినేల మట్టిని పలుచగా పరిస్తే, ఆరేళ్లకు అక్కడి మొక్కలు ఆ పాత నేల పోలికకు దగ్గరయ్యాయని 2016లో ప్రచురించారు. ఎంతో ఆశ కలిగించే ఫలితమిది. కానీ ఆ మట్టి ఇవ్వడానికి దున్నని గడ్డినేల ఎక్కడో ఒకచోట మిగిలి ఉండాలి కదా! దానికదే కోలుకుంటుందిలే అని వదిలేస్తే ఏమవుతుందో అమెరికాలోనే మిన్నెసోటాలో ఉన్న సీడర్ క్రీక్ పరిశోధన క్షేత్రం చూపింది. సాగు మాని 91 ఏళ్లు గడిచినా, అక్కడి నేలల్లో మొక్కల వైవిధ్యం దున్నని నేలతో పోలిస్తే ముప్పావు వంతుకు చేరలేదు. మొక్కల దిగుబడి సగాన్ని కొద్దిగా మాత్రమే దాటింది.

చెట్లు నాటితే కర్బనం ఇంకా ఎక్కువ దాచవచ్చన్న వాదనకు బలం లేకపోలేదు. గడ్డినేలల్లోకి పొదలూ చెట్లూ పాకినచోట, పొడి ప్రాంతాల మట్టిలో కర్బనం పెరిగిందనీ, వానలు ఎక్కువగా పడే ప్రాంతాల్లో తగ్గిందనీ 2002 నాటి అమెరికా అధ్యయనం చెప్పింది. రాయలసీమ పొడినేలే కాబట్టి ఆ లెక్క చెట్లకే అనుకూలం కావచ్చు. కానీ చెట్టు కాండంలో చేరిన కర్బనం మంటకూ గొడ్డలికీ చిక్కుతుంది. వేళ్ల దగ్గర మట్టిలో కలిసినది అంత తేలిగ్గా పోదు. పైగా కర్బనం ఒక్కటే కొలమానం కాదు. గొర్రెల కాపరికి కావలసింది గడ్డి. నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో ఏర్పాటు చేసింది బట్టమేక పిట్ట కోసం. దానికి కావలసింది చెట్ల నీడ కాదు, దూరం దాకా చూపు ఆనే గడ్డి బయలు.

బంజరుగా నమోదైన ప్రతి ఎకరమూ పాత గడ్డినేల కాదు. సాగుచేసి వదిలేసినవీ, కోతకు గురైనవీ, సర్కారు తుమ్మ కమ్మేసినవీ చాలానే ఉన్నాయి. అలాంటిచోట చెట్లు పెంచినా సౌర ఫలకాలు పరచినా నాకు అభ్యంతరం లేదు. అందుకే ముందుగా తేల్చాల్సింది ఆ నేలలో ఎప్పుడైనా నాగలి దిగిందా లేదా అన్నది. ఏ సర్వే నంబరులో ఏ ఏడు ఏం పండిందో, ఏది బీడుగా ఉందో ఆంధ్రలో అడంగళ్లూ, తెలంగాణలో పహాణీలూ రాసుకుంటూ వచ్చాయి. వాటిని ఉపగ్రహ పటాలతో కలిపి చూసి, అనుమానం ఉన్నచోట మట్టిలోని శిలీంధ్రాలను పరీక్షించాలి. దున్నని బీడుగా తేలిన భూమిని పరిహార వనీకరణ (పోయిన అడవికి బదులుగా మొక్కలు నాటడం) జాబితాల నుంచీ, బంజరు పట్టిక నుంచీ తొలగించి, గడ్డినేల అన్న సొంత పేరుతో నమోదు చేయాలి.