తప్పు కనబడినపుడు కబురెవరికి?

వ్యాకరణము చెప్పు ఉపాధ్యాయునకు మినహాయింపులనిన వెరపు లేదు. ఉత్వసంధి నిత్యమని, అత్వసంధి బహుళమని చిన్నయసూరి ముందే చెప్పియుంచెను. విద్వద్గద్వాలయని పేరువడసిన సీమలో ఈ మాట క్రొత్తగా చెప్పనక్కరలేదు. అట్టి సీమలోనైనను, కంప్యూటరు భాషలు నేర్పునపుడు ఎక్సెప్షనుల అధ్యాయమును పరీక్షల ముందటి వారమునకు నెట్టివేయుట నాకు నచ్చదు.

ప్రోగ్రాము నడచుచుండగా తెరవవలసిన ఫైలు కనబడదు. సున్నతో భాగింపవలసి వచ్చును. అట్టి స్థితియే ఎక్సెప్షను. ఇందలి చిక్కు ఒక్కటే. తప్పు కనుగొన్న చోట దానికి మందు తెలియదు. మందు తెలిసిన చోటికి తప్పు కనబడదు. వానకాలమున జూరాలవద్ద కృష్ణను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. ఎగువ నారాయణపూర్ నుండి నీరు వదలిరని తెలిసిన పిదప ఇచట గేట్లెత్తుదురు. ఇచటి కబురు శ్రీశైలమునకు పోవును. నడుమ నొకడు కబురు విని ఊరకుండినచో దిగువ గ్రామముల గతి యేమి?

సి ప్లస్ ప్లస్ భాషకు ప్రమాణము కూర్చిన సంఘమువారు ఈ కబురు పంపు ఏర్పాటును గూర్చియే చిరకాలము వాదించుకొనిరి. కోనిగ్, స్ట్రౌస్ట్రప్ అనువారి ప్రతిపాదనను 1990లో అంగీకరించిరి. అయినను ఒక ప్రశ్న తెగలేదు. తప్పు సవరించిన పిమ్మట ఆగినచోటనే పని మరల సాగింపవలెనా, లేక ఆ పనిని విడిచి, కబురందుకొన్న చోటినుండి నడువవలెనా? మొదటిదే మేలని ఎవరికైనను తోచును. నాకును అట్లే తోచెను. కాని 1991లో పాలో ఆల్టో సమావేశమున జిమ్ మిచెల్ తన అనుభవము వినిపించెను. ఆగినచోటనే సాగించు పద్ధతిని మెచ్చినవారే వ్రాసిన సీడార్ వ్యవస్థలో, ఐదు లక్షల పంక్తులలో, పదియేండ్లు గడచునప్పటికి ఆ పద్ధతి ఒక్కచోటనే మిగిలెనట! తర్కము ఓడినది, అనుభవము గెలిచినది. 1998లో వెలువడిన ప్రమాణమున విడిచిపోవు పద్ధతియే నిలిచెను.

ఆ సంఘము చేసినదెల్ల ఒప్పని యనను. ఏ ఫంక్షను ఏ ఎక్సెప్షనులను విసరునో పట్టిక వ్రాయుటకు ఒక వసతి కల్పించిరి. అది వాడదగదని 2011లో తామే పలికి, 2017లో ఆ పట్టికలను తీసివైచిరి. పెద్దలు తమ తప్పును గ్రంథమునుండి తామే తొలగించుకొనుట మన పాఠ్యపుస్తకములలో అరుదుగా కనబడు దృశ్యము.

అయితే ఏ ప్రమాణమును మాన్పలేని దురలవాటొకటి కలదు. క్యాచ్ అని వ్రాసి, లోపల ఏమియు వ్రాయక విడుచుట. కంపైలరు అభ్యంతరము చెప్పదు, ప్రోగ్రాము ఆగదు, బాలుడు సంతోషించును. జూరాలలో కబురు విని నిద్రించినవాడు వీడే.

1959లో రాజభవనమున పాలిటెక్నిక్ వెలసిన వనపర్తిలో గాని, నాగర్‌కర్నూలులో గాని, ఉపాధ్యాయులు ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చును. తరగతి మార్కులు కూడు ప్రోగ్రామును వ్రాయించి, ఒకని మార్కుల స్థానమున అంకె కాక ‘గైరుహాజరు’ అని ఉంచుడు. పెక్కు ప్రోగ్రాములు ఆగిపోవును, వానిని సవరింపవచ్చును. కొన్ని మాత్రము నోరెత్తక సున్న వేసి సాగిపోవును. జ్వరముతో ఇంట పడియున్న బాలుడు, పరీక్ష తప్పినవాడుగా జాబితాకెక్కును.