పసుపులోనే ఎరుపు ఉంది

డిచ్‌పల్లి దాటి జక్రాన్‌పల్లి మీదుగా ఆర్మూర్ పోయే దారిలో, సంక్రాంతి తర్వాత కొన్ని వారాల పాటు ఒక రంగు రాజ్యమేలుతుంది. చేలల్లోంచి తవ్విన పసుపు కొమ్ములు ఉడికి, కల్లాల్లో ఆరుతుంటాయి. తర్వాత డ్రమ్ముల్లో తిరిగి, మెరిసి, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేరతాయి. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాద్‌కే వచ్చింది. కానీ ఈ వారం మనం రేటు గురించి మాట్లాడుకోవట్లేదు. ఆ రంగు గురించి మాట్లాడుకుందాం.

ముందు ఒక చిన్న పని చేయండి. గిన్నెలో నీళ్లు పోసి చిటికెడు పసుపు, కాస్త తాంబూలం సున్నం వేసి కలపండి. నీళ్లు ఎర్రగా మారిపోతాయి. మీ ఇంట్లో దిష్టి తీసే ఎర్రనీళ్లు ఇవే. కొత్త పెళ్లికూతురు గుమ్మం దగ్గర ఆగినప్పుడు తిప్పి పారబోసేవి కూడా ఇవే. పసుపులో కర్క్యుమిన్ అనే పదార్థం ఉంటుంది. సున్నం లాంటి క్షారం తగిలితే దాని రంగు ఎరుపుకు తిరుగుతుంది. పాతకాలపు కుంకుమ కూడా పసుపు నుంచే చేసేవాళ్లు. నిమ్మరసం, వెలిగారం, పటిక పట్టించి ఆరబెడితే అది ఎర్రబడేది. ఇప్పుడు దుకాణాల్లో దొరికే చవక కుంకుమలో కృత్రిమ రంగులే ఎక్కువ, అది వేరే సంగతి.

అంటే పోచమ్మ తల్లి ముఖం మీద మనం చూసే పసుపు, ఎరుపు రెండూ ఒకే దుంప బిడ్డలు. ఒకటి తల్లిని చల్లబరచడానికి, ఇంకొకటి ఆమె శక్తిని చూపడానికి.

చాలా ఊళ్లలో పోచమ్మ అంటే చెక్కిన విగ్రహం కాదు, వేపచెట్టు కింద ఒక రాయి. దానికి ముక్కూ లేదు, నోరూ లేదు. పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, కళ్లు అతికించగానే ఆ రాయి మనవైపు చూడటం మొదలుపెడుతుంది. రంగే రాయికి ముఖం ఇచ్చింది. బోనాలప్పుడు పోతురాజును గమనించండి. ఒంటినిండా పసుపు, నుదుటన పెద్ద కుంకుమ, నడుముకు వేపమండలు, చేతిలో కొరడా. చల్లదనం, ఆవేశం ఒకే మనిషి ఒంటి మీద. డైలాగ్ ఒక్కటి లేకపోయినా చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది: ఈయన మనల్ని భయపెడతాడు, మనల్నే కాపాడతాడు.

మరి ఏ రంగుకు ఏ భావం అని లెక్క ఉందా? ఉంది. భరతుని నాట్యశాస్త్రం ఎనిమిది రసాలకు ఎనిమిది రంగులు చెప్పింది. శృంగారానికి శ్యామం, హాస్యానికి తెలుపు, కరుణకు పావురం బూడిదరంగు, రౌద్రానికి ఎరుపు, వీరానికి గౌరం, భయానకానికి నలుపు, బీభత్సానికి నీలం, అద్భుతానికి పసుపు. చదవడానికి బాగుంది. కానీ వాడకంలోకి వచ్చేసరికి లెక్క తప్పుతుంది. ఎరుపు రౌద్రం అయితే అమ్మ నుదుటి బొట్టు ఏంటి? పెళ్లిలో ఎర్రచీర ఏంటి? ర్యాలీలో ఎర్రజెండా ఏంటి? ఒకటే ఎరుపు, నాలుగు చోట్ల నాలుగు మాటలు. రంగు ఒంటరిగా ఏదీ చెప్పదు. ఎవరి ముఖం మీద, ఏ కథలో, ఎవరి ముందు అనేదాన్ని బట్టి దానికి భావం వస్తుంది.

దీన్ని మనవాళ్లు ఎంత బాగా పట్టుకున్నారో చూడాలంటే చేర్యాల బొమ్మలు చూడండి. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. ఆ కళకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు మనం ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకుంటున్నాం కానీ, అసలు ఇది గోడబొమ్మ కాదు. నకాషీలు గీసిన పొడవాటి గుడ్డ చుట్ట. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల పేస్టు, జిగురు పట్టించి, దాని మీద గీసేవాళ్లు. కథ చెప్పేవాళ్లు ఊరూరా తిరుగుతూ, రాత్రి పూట జనం ముందు ఒక్కో గడి విప్పుతూ పాడేవాళ్లు. ఇప్పుడు మీరు బొటనవేలితో స్క్రోల్ చేస్తున్నారే, వాళ్లు చేతులతో అదే చేసేవాళ్లు.

ఆ చుట్టలో వెనక భాగం అంతా ఎరుపే. ఇది కోపం ఎరుపు కాదు, బొట్టు ఎరుపూ కాదు. దీపం వెలుగులో, వెనక వరుసలో కూర్చున్న ముసలమ్మకు కూడా బొమ్మ విడిగా కనబడాలి కదా! ఆ పని చేసే ఎరుపు. దాని మీద దేవుళ్లు నీలం, దేవతలు పసుపు, మనుషులు గులాబీ ఛాయ, రాక్షసులు గోధుమ లేదా ముదురు రంగు. కథకుడు పేరు చెప్పకముందే ఎవరొచ్చారో జనానికి తెలిసిపోయేది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఒక్కో కులానికి ఒక్కో కథ, ఒక్కో కథకుల బృందం. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ, గౌడులకు గౌడజెట్టీలు గౌడ పురాణం, మాదిగలకు డక్కలివాళ్లు జాంబ పురాణం. పెద్ద గుడుల్లోకి రానివ్వని మనుషుల దగ్గరికి ఈ గుడ్డ గుడిలాగా నడిచి వచ్చేది. అందులో దేవుళ్ల పక్కనే తమ పూర్వీకులు, తమ పనిముట్లు, తమ పుట్టుక. బొమ్మ చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నారంటే రంగు గొప్పతనం ఒక్కటే కాదు. ఆ బొమ్మలో వాళ్లే ఉన్నారు.

మన జిల్లాలోనే దీనికి ఇంకో రూపం ఉంది. అది చిందు భాగవతం. బోధన్ దగ్గర అమ్దాపూర్‌లో ఉండి, 2005లో మనల్ని విడిచి వెళ్లిన చిందుల ఎల్లమ్మ పేరు విన్నారా? ఆ కళకు ఆమె పెద్ద దిక్కు. తేలికైన పొనికి కర్రతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు, ముఖానికి అర్దళం పసుపు, కళ్లకు కాటుక. పగలు పొలం పనికి పోయే మనిషి రాత్రి రంగు పడగానే రాజు అవుతాడు. చిందులో ఆడవాళ్లూ వేషం కడతారు, మగ పాత్రలు కూడా వేస్తారు. ఎల్లమ్మ వేషం కట్టిన మనిషికి ఊరు మొక్కుతుంది. ఊరి చివర ఇంట్లో ఉండే ఆ మనిషికి, రంగు కడుక్కున్న మరుసటి పొద్దున అదే ఊరు కూర్చోవడానికి చోటు ఇచ్చేదా? రంగు ఇచ్చిన మర్యాద రంగుతోనే పోయేది. మన కళల గురించి గర్వంగా పోస్టులు పెట్టేటప్పుడు ఈ ప్రశ్న కూడా పక్కన ఉండాలి.

సినిమాలోకి వద్దాం. బి. నర్సింగరావు తీసిన 'దాసి' 1988 నాటిది. గడీలో బతికిన ఒక దాసి కథ. దానికి కళా దర్శకుడు తోట వైకుంఠం. అవును, పెద్ద బొట్టు, మెరిసే చీరలతో తెలంగాణ ఆడవాళ్లను గీసే వైకుంఠమే. ఆ పనికి జాతీయ అవార్డు వచ్చింది. ఆయన బొమ్మల్లో ఆడవాళ్లను చూడండి: ఒంటి రంగు ముదురు, దాని మీద ఎరుపు, పసుపు భగ్గుమంటాయి. నల్లటి ఒళ్లు అక్కడ లోటు కాదు. ఆ రంగులన్నీ నిలబడేది దాని మీదే.

ఇక్కడే అసలు గొడవ ఉంది. ఇప్పుడు ఫోన్‌లో ఏఐ యాప్ తెరిచి 'గ్రామదేవత' అని కొట్టండి. తెల్లటి చర్మం, సన్నటి ముక్కు, ఫెయిర్‌నెస్ క్రీమ్ ప్రకటనలోంచి దిగొచ్చినట్టు ఒక ముఖం రావడానికే అవకాశం ఎక్కువ. బోనాల ఫ్లెక్సీలు కూడా చాలావరకు అంతే. రవివర్మ ప్రెస్సు 1894లో మొదలై, అచ్చు బొమ్మలు ఇంటింటికీ చేరినప్పటి నుంచి దేవత అంటే ఇలా ఉండాలి అనే ఒక అచ్చు మన తలల్లో పడింది. యాప్ ఆ అచ్చునే ఇంకా నున్నగా చేసి ఇస్తోంది. మనం మొక్కే తల్లి పేరు నల్లపోచమ్మ. పేరులోనే నలుపు ఉంది. ఫ్లెక్సీ మీద మాత్రం లేదు.

ఇదేమన్నా చిన్న విషయమా? రాక్షసుడికి ముదురు రంగు, విలన్‌కు నలుపు, హీరోయిన్‌కు తెలుపు, చివరికి ఊరి తల్లికి కూడా తెలుపే అయితే, అద్దంలో తన ముఖం చూసుకునే నల్లపిల్లకు ఏ కథలో చోటుంది? చేర్యాల నకాషీ కూడా రాక్షసుడికి ముదురు రంగే వేశాడు, నిజమే. పాతదంతా బంగారం అనడం లేదు. కానీ ఆ చుట్ట పక్కన ఒక కథకుడు నిలబడేవాడు. అడిగితే జవాబు చెప్పేవాడు. మీ ఫీడ్ పక్కన ఎవరూ లేరు.

బొమ్మ మారితే జనానికి ఎంత తగులుతుందో మొన్ననే చూశాం. 2024 డిసెంబర్ 9న సచివాలయంలో కొత్త తెలంగాణ తల్లి విగ్రహం పెట్టారు. కిరీటం లేదు, చేతిలో బతుకమ్మ లేదు. ఆకుపచ్చ చీర, చేతిలో పంట కంకులు. మామూలు పల్లె ఆడబిడ్డలా ఉందని కొందరు మురిసిపోయారు, బతుకమ్మను తీసేశారని కొందరు మండిపడ్డారు. మీరు ఏ పక్షమైనా ఉండండి. ఒక చీర రంగు, ఒక కిరీటం మీద అంత వాదన జరిగిందంటే, బొమ్మను జనం అలంకారంగా చూడట్లేదని అర్థం. అందులో తమను వెతుక్కుంటున్నారు.

వచ్చే ఆషాఢంలో మీ ఊరి బోనాలకు రీల్ తీస్తారు కదా. ఒక్క పని చేయండి. ఫిల్టర్ తీసేయండి, రాయి మీద పసుపు పసుపులాగే, నలుపు నలుపులాగే కనబడనివ్వండి. తర్వాత బోనం ఎత్తిన పెద్దమ్మను అడగండి: "పెద్దమ్మా, ముందు పసుపు ఎందుకు పెడతరు, కుంకుమ తర్వాతనే ఎందుకు?" ఆమె చెప్పే జవాబు రికార్డు చేసుకోండి. ఆ రీల్‌కు ఎన్ని లైకులు వస్తాయో చెప్పలేను గానీ, ఆ జవాబు మీకు ఏ యాప్‌లోనూ దొరకదు.