హఫ్తాను గెంటేస్తే హిందీ మిగలదు

"దో హఫ్తే బాద్ ఆనా", అంటే రెండు వారాలాగి రమ్మన్నాడు దర్జీ, టేపు మెడలో వేసుకుంటూ. నా వెనక నిలబడ్డ పెద్దమనిషి ఊరుకోలేదు. "హఫ్తా పరాయి మాట, సప్తాహ్ అనాలి" అని దిద్దాడు. 'దర్జీ' కూడా ఫార్సీయే. దాని జోలికి మాత్రం పోలేదు, బహుశా తెలియక.

హిందీలో ఫార్సీ మాటలన్నీ పాదుషాలు రుద్దినవేననీ, వాటిని ఏరేస్తేనే భాష శుద్ధి అవుతుందనీ చాలామంది నమ్మకం. హఫ్తా దగ్గరే ఈ వాదం బోర్లా పడుతుంది. ఫార్సీలో 'హఫ్త్' అంటే ఏడు. అది మన 'సప్త'కు తోబుట్టువు. సంస్కృతంలో సకారం పలికే చోట ప్రాచీన ఇరాన్ భాషల్లో హకారం పలికింది: సోమ–హఓమ, అసుర–అహుర. ఋగ్వేదంలోని సప్తసింధువే పార్శీల మతగ్రంథం అవెస్తాలో హప్తహెందు. అప్పటికి ఇస్లామూ లేదు, పాదుషాలూ లేరు. 'సప్తాహ్'లో చివర ఉన్నది పగలు అనే 'అహస్సు', హఫ్తాలో ఉన్నది ఉత్త ప్రత్యయం. తేడా అంతే.

ఆ హకారమే సింధును హింద్ చేసింది. హింద్‌కు 'ఈ' చేరి హిందీ అయింది. హఫ్తా పరాయిదైతే హిందీ ఏమిటి?

వాడుకలో హఫ్తా ఎంత ఎదిగిందో చూడండి. మరాఠీలో 'హప్తా' అంటే అప్పు వాయిదా. బజారులో అయితే రౌడీకి ముట్టజెప్పే మామూలు. 'హఫ్తా వసూళ్లు' అని మన పత్రికలు రాస్తే తెలుగువాడికి వేరే అర్థం చెప్పక్కర్లేదు. సప్తాహం అంటే మాత్రం మనకు భాగవత పారాయణమో, భజనో గుర్తొస్తుంది. రౌడీ 'సప్తాహం' వసూలు చేశాడంటే నవ్వరూ?

పోలీసు కాగితాల్లో జనానికి అర్థంకాని ఫార్సీ ఎందుకని 2019లో ఢిల్లీ హైకోర్టు అడిగింది. సబబే. అక్కడి కొలత అర్థం కావడం, కులగోత్రాలు కాదు. ఆ కొలతతో చూస్తే హఫ్తా కంటే సప్తాహే గడ్డుమాట.

హిందీలో ఒకప్పుడు పేరున్న వారపత్రిక 'సాప్తాహిక్ హిందుస్తాన్'. అందులో మొదటి మాట సంస్కృతం, రెండోది ఫార్సీ.