ఆ పొల్లు పెట్టింది మనమే

తెలంగాణ నుంచి వెళ్లి మహారాష్ట్రలోని సోలాపూర్‌లో స్థిరపడిన నేతగాళ్లు, పద్మశాలీలు, ఇంటిపేర్లు కూడా మరాఠీలోకి మార్చేసుకున్నారని మనవాళ్లు తేలిగ్గా తేల్చేస్తుంటారు. రుజువేదంటే కూచన్, సాదుల్, గాజుల్ అని పేర్లు అప్పజెబుతారు. ఆ పేర్లు చదవడం రాకే ఈ తీర్పు.

గాజుల అని దేవనాగరిలో రాసినప్పుడు చివర పొల్లు ఉండదు. మరాఠీ రాత నియమాన్ని బట్టి నడిమి ఉకారానికి దీర్ఘం పడొచ్చు గానీ చివర ఉండేది నిండు ‘ల’యే. కాకపోతే మరాఠీలో మాట చివరి అకారాన్ని పలకరు. రామ అని రాసి రామ్ అంటారు. ఆ లెక్కనే బడిలో హాజరు పిలిచే పంతులు నోట గాజుల గాజుల్ అయింది, కూచన కూచన్ అయింది. ఆ పలుకుబడే ఇంగ్లిషు స్పెల్లింగులోకి ఎక్కింది. దాన్ని చూసి తెలుగులో వార్త రాసిన మన విలేకరి ఏకంగా పొల్లు తగిలించాడు. ఇప్పుడు ఆ పొల్లునే చూపించి నేతగాళ్లను దోషులంటున్నాం!

పైగా ఆ ‘ల’ మన వ్యాకరణం సొత్తు. గాజులు అన్న మాట ‘గాజుల వారు’ అన్నప్పుడు గాజుల అవుతుంది. సోలాపూర్ తూర్పు పేటల్లో ‘ల్’తో ముగిసే పేరు వినబడితే దాని మూలాన్ని ముందు తెలంగాణ పల్లెల్లో వెతకండి.

ఇంటిపేరు చివరికి పోయిందన్నది రెండో ఆక్షేపణ. మహారాష్ట్రలో కాగితం మీద వాడుకగా వస్తున్న వరస తన పేరు, తండ్రి పేరు, ఆ తర్వాతే ఇంటిపేరు. 1989లోనూ 1991లోనూ సోలాపూర్ నుంచి లోక్‌సభకు గెలిచిన నాయకుడి పూర్తి పేరు ధర్మన్న మొండయ్య సాదుల. నడుమ ఉన్న మొండయ్యను చూడండి. పుట్టిన బిడ్డలు దక్కని ఇళ్లలో, చావుకు లొంగని మొండివాడు కావాలని మన పల్లెల్లో పెట్టుకునే పేరది. వరస మారినా పేరు పక్కా తెలంగాణదే. ఇక పెళ్లి సంబంధం వస్తే ఇంటిపేరు, గోత్రం అడగకుండా మాట ముందుకు సాగదు. పండగల్లోనూ ఇదే తీరు. శ్రావణ పున్నమిని ఊరంతా నారళీ పౌర్ణిమ అంటే, నేత పేటల్లో అదే రోజు జంధ్యాలు మార్చుకుని మార్కండేయుడి రథం లాగుతారు.

మరాఠీ బళ్లలో చదివిన పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరాలు రావు. ఆ బెంగ నిజమైనదే, దాని గురించి ఎంతైనా మాట్లాడుకుందాం. కానీ లిపి రాకపోవడానికీ ఇంటిపేరు వదిలేయడానికీ ముడిపెట్టొద్దు.

సోలాపూర్ వార్తలు రాసేవాళ్లు ఇకనైనా కూచన, సాదుల, గాజుల అని రాయండి. ఎవరైనా తెలుగులోనే గాజుల్ అని సంతకం పెడితే అది వారిష్టం, దాన్ని మాత్రం దిద్దకండి.