మంచు నడుమ మరిగే యంత్రం

చుట్టూ మోకాటి లోతు మంచు. గాలి ఉష్ణోగ్రత సున్నాకు 30 డిగ్రీలు దిగువన. అటువంటి చోట ఒక ఇంజన్ వేడెక్కి ఆగిపోతుందంటే వినడానికి వింతగానే తోస్తుంది. కాని కెనడాలోనూ, అలాస్కాలోనూ, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోనూ పాత స్నోమొబైళ్లు నడిపేవారికి ఇది వింత కాదు. ఎదుట పలక మీద ఎర్రదీపం వెలిగిందంటే వారి గుండె ఝల్లుమంటుంది. గడ్డకట్టిన సరస్సు నడుమ, ఇంటికి ఇరవై మైళ్ల దూరాన, పొద్దుగూకే వేళ బండి ఆగిపోయిందంటే అది యంత్రానికి వచ్చిన జబ్బు మాత్రమే కాదు. మనిషి ప్రాణానికి వచ్చిన ముప్పు.

ఆ బండి పుట్టుక వెనుక కూడా ఇటువంటి విషాదమే వున్నది. 1934 శీతాకాలంలో, క్విబెక్ రాష్ట్రంలోని వాల్కూర్‌లో జోసెఫ్-అర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్కు రెండేళ్ల కుమారుడు కడుపులో వ్యాధి ముదిరి మరణించాడు. దారులన్నీ మంచుతో మూసుకుపోగా, బిడ్డను ఆస్పత్రికి చేర్చే సాధనమే లేకపోయింది. మంచు మీద నడిచే బండి కోసం అంతకు ముందునుంచే తంటాలు పడుతున్న ఆ తండ్రి, 1937లో తాను కనిపెట్టిన పట్టా చోదక విధానానికి పేటెంటు సంపాదించాడు. 1959లో ఒకరిద్దరు కూర్చుని పోగల ‘స్కీ-డూ’ను విపణిలోకి తెచ్చాడు. 1968 ఏప్రిల్‌లో రాల్ఫ్ ప్లేస్టెడ్ అనే అమెరికన్ బృందంతో సహా ఉత్తర ధ్రువాన్ని చేరుకున్నది ఈ జాతి బండ్ల మీదనే. మన దేశంలో గుల్మార్గ్ వాలుల మీద యాత్రికులనూ, సియాచిన్ హిమానీనదం మీద సైనికులనూ మోసే స్నో స్కూటర్లు కూడా ఈ కుటుంబానికి చెందినవే.

తొలినాటి స్నోమొబైళ్లలో ఇంజన్‌ను గాలే చల్లార్చేది. 1970లలో ఇంజన్ల శక్తి పెరిగేకొద్దీ గాలి చాలక, ద్రవంతో చల్లార్చే పద్ధతి వాడుకలోకి వచ్చింది. కారులో అయితే ఇంజన్ వేడిని మోసుకొచ్చిన నీరు రేడియేటర్‌లో చల్లబడుతుంది. ఇటువంటి స్నోమొబైళ్లలో ఎక్కువ వాటికి ముందు భాగాన రేడియేటర్ వుండదు. సీటు కింద, తిరిగే పట్టాకు పైన, అల్యూమినియంతో చేసిన బోలు పలకలు వుంటాయి. పంపు తోసిన ద్రవం వాటిగుండా ప్రవహిస్తుంది. పట్టా తిరుగుతూ ఎగజిమ్మే మంచు ఆ పలకలను తాకి, కరిగి, వేడిని పీల్చుకుంటుంది. ఒక గ్రాము మంచు కరగడానికే 80 కెలోరీల వేడి కావాలి. ఇంతకంటె చౌకయిన శీతల సాధనం మరొకటి లేదు.

ఈ ఏర్పాటులోని బలహీనత కూడా ఇక్కడే వున్నది. మెత్తని మంచు లేనిచోట పలకల మీదికి ఎగిరేదీ ఏమీ వుండదు. గాజులాంటి సరస్సు మీద, రాయిలా బిగిసిన దారి మీద, ఏ లోపమూ లేని బండి సైతం వేడెక్కుతుంది. కాబట్టి రోగ నిదానంలో మొదటి ప్రశ్న: దీపం ఎక్కడ వెలిగింది? గట్టి నేల మీద వెలిగి, మెత్తని మంచులోకి తిప్పగానే ఆరిపోయినట్లయితే బండికి జబ్బు లేదు. గట్టి మంచును గీకి పలకల మీదికి చిమ్మే తీగ కొక్కేలు కొన్ని స్కీలకో, పట్టా లోపలి చట్రానికో బిగిస్తే సరిపోతుంది.

మెత్తని మంచులోనూ దీపం ఆరకపోతే, బండి ఆపి పలకలను జాగ్రత్తగా తాకి చూడాలి. వైద్యుడు నాడి పట్టడం వంటిదే ఇది. ఇంజన్ సలసల కాగుతుండగా పలకలు చల్లగా వున్నాయంటే, వేడి అక్కడిదాకా చేరడంలేదన్నమాట; ప్రవాహమే ఎక్కడో ఆగింది. పలకలు కూడా కాలుతున్నాయంటే ద్రవం తిరుగుతూనే వున్నది. వేడి బయటికి పోవడంలేదు, లేదా ఇంజన్ వుండవలసినదానికంటె ఎక్కువ వేడిని పుట్టిస్తున్నది. ఈ ఒక్క పరీక్షతో వెతకవలసిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

ప్రవాహం ఆగినప్పుడు చవకయిన కారణాలనుంచి మొదలుపెట్టడం మంచిది. ఇంజన్ పూర్తిగా చల్లారాకనే మూత తీసి ద్రవం మట్టం చూడాలి. వేడిమీద తీస్తే మరుగుతున్న ద్రవం ముఖం మీదికి చిమ్ముతుంది. మట్టం సరిగా వుంటే, గొట్టాలలో గాలి చిక్కుకున్నదేమో చూడాలి. ద్రవం కొత్తగా నింపిన బండ్లలో తరచు జరిగేది ఇదే. ద్రవం పోసే మూతి అన్నిటికంటె ఎత్తుగా వుండేటట్లు బండిని వాల్చి, గాలి వదిలే మర సడలిస్తే బుడగలు బయటపడతాయి. తరువాతి వంతు థర్మోస్టాట్‌ది. దానిని వూడదీసి గిన్నెడు నీళ్లలో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ వుంచి కాచాలి. దాని మీద ముద్రించిన ఉష్ణోగ్రత వద్ద తెరుచుకోనట్లయితే దొంగ దొరికినట్లే. అదీ సవ్యంగా వుంటే మిగిలినవి పంపు, దానిని తిప్పే ఇరుసు లేదా బెల్టు, లోపల వుబ్బి దారి మూసివేసిన పాత రబ్బరు గొట్టం.

ద్రవం తిరుగుతున్నా వేడి తగ్గనప్పుడు ఇంజన్ లోపలికి చూడవలసి వస్తుంది. సిలిండర్ తల కింది గాస్కెట్ చిట్లితే, మండిన వాయువులు ద్రవంలోకి దూరి మూతి వద్ద ఆగకుండా బుడగలు వస్తాయి. బయట ఎక్కడా కారకుండానే ద్రవం తరిగిపోతుంది. మరొక కారణం కార్బురేటర్. సున్నా డిగ్రీల గాలికంటె −30 డిగ్రీల గాలి సుమారు 12 శాతం చిక్కన. అంత గాలికి తగినంత పెట్రోలు అందకపోతే, జెట్‌లో నలుసు అడ్డుపడినా, అరిగిన సీళ్లగుండా అదనపు గాలి చొరబడినా, టూ స్ట్రోక్ ఇంజన్ వేడెక్కిపోతుంది. ద్రవం ఎంత వున్నా పిస్టన్ సిలిండర్‌కు పట్టుకుపోతుంది.

ఇన్ని చూసే ముందు దీపాన్ని కూడా ఒకసారి శంకించాలి. చాలా పాత బండ్లలో ఉష్ణోగ్రత మీటకు పోయే తీగ లోహానికి తగిలితే చాలు, దీపం వెలుగుతుంది. మీటనుంచి తీగ విడదీసినా దీపం వెలుగుతూనే వున్నదంటే అబద్ధమాడుతున్నది తీగే. అయితే తీగను పరీక్షించకుండా దీపాన్నే నమ్మడం మానుకున్నవారు చివరకు ఇంజన్‌నే పోగొట్టుకుంటారు.

సరస్సు నడుమ ఈ పరీక్షలన్నిటికీ వ్యవధి వుండదు. ఇంజన్ ఆపి, సీటు కింది భాగమంతా మంచుతో కప్పి, తీరిగ్గా చల్లారనివ్వాలి. కాగుతున్న సిలిండర్ మీదికి మాత్రం మంచు విసరకూడదు, లోహం చిట్లుతుంది. మరేమీ లేనప్పుడు నీరు పోసి ఇల్లు చేరవచ్చు గాని, ఆ నీటిని ఆ రాత్రే తీసివేయాలి. ఇథిలీన్ గ్లైకాల్, నీరు సమపాళ్లలో కలిసిన ద్రవం సుమారు −37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. నీటి పాలు పెరిగితే ఆ రక్షణ పోతుంది. తెల్లవారేసరికి పలకలు పగిలిపోవచ్చు.

తీసిన ద్రవాన్ని మంచు మీద పారబోయడమూ తగదు. గ్లైకాల్ తియ్యగా వుంటుంది, మూత్రపిండాలను చంపే విషం. దానిని ఇష్టంగా నాకేది కుక్క. ఈ బండి రాకముందు ఆ దారులలో మనుషులను ఇంటికి చేర్చినది కుక్కలే.