ఎంత నీరు పారబోస్తుందో ఆర్‌ఓ డబ్బా మీదే రాయాలి

వంటగదిలో ఆర్‌ఓ యంత్రం నడుస్తున్నంతసేపూ ఒక సన్నని గొట్టం సింకులోకి నీళ్లు వదులుతూనే ఉంటుంది. చాలా ఇళ్లలో లీటరు మంచినీళ్లు తయారయ్యేసరికి మూడు లీటర్లు ఆ గొట్టం దారిన మురుగుకాలువలో కలుస్తున్నాయి. ఒక కుటుంబానికి తాగడానికి, వంటకు కలిపి రోజుకు 20 లీటర్లు కావాలనుకుందాం. ఆ లెక్కన 80 లీటర్లు తోడి 60 లీటర్లు పారబోస్తున్నట్టు. వంద ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో ఈ పారబోత రోజుకు 6,000 లీటర్లు. మండు వేసవిలో అదే అపార్ట్‌మెంటు వాళ్లు డబ్బు పెట్టి తెప్పించుకునే 5,000 లీటర్ల ట్యాంకరు కన్నా ఇది ఎక్కువ. యంత్రం నూటికి 50 లీటర్లు మంచినీరుగా ఇవ్వగలిగితే 60 లీటర్ల వృథా 20కి దిగుతుంది. అందుకు కావలసిన పరిజ్ఞానం ఉన్నా ఇళ్లకు చేరడం లేదు. పారబోసిన నీటికి తయారీదారు పైసా చెల్లించనక్కర్లేదు, కొనేవారికి ఆ లెక్క కనిపించదు. కాబట్టి ప్రతి ఆర్‌ఓ యంత్రం డబ్బా మీదా అది నూటికి ఎన్ని లీటర్లు మంచినీరుగా ఇస్తుందో పెద్ద అక్షరాలతో ముద్రించడం తప్పనిసరి చేయాలి.

ఆర్‌ఓలో నీటిని ఒత్తిడితో మెంబ్రేన్ మీదికి పంపుతారు. నీరు పొరను దాటిపోతుంది, లవణాలు ఇవతలే మిగులుతాయి. వాటిని కడిగి బయటికి పంపడానికి కొంత నీరు వదలక తప్పదు. తేల్చాల్సింది ఎంత వదలాలన్నదే. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35,000 మిల్లీగ్రాముల లవణాలుంటాయి. చెన్నై దగ్గర మింజూరు, నెమ్మేలిలో ఆ నీటినే ఆర్‌ఓ పద్ధతిలో మంచినీరుగా మారుస్తున్నారు. ఇటువంటి కేంద్రాలు సాధారణంగా నూటికి 40 లీటర్ల దాకా రాబడతాయి. మన బోరునీటిలో లవణాలు వెయ్యి మిల్లీగ్రాములున్నా సముద్రంతో పోలిస్తే ముప్పై ఐదో వంతే. అయినా ఇంటి యంత్రం 25 దగ్గరే ఆగిపోతోంది. ఆ కేంద్రాల్లో భారీ పంపులు, వరుసగా అమర్చిన మెంబ్రేన్లు, నీటిని ముందే వడగట్టే ఏర్పాట్లు ఉంటాయన్నది నిజమే. అయితే వెయ్యి మిల్లీగ్రాముల నీటికి అంత ఒత్తిడి అక్కర్లేదు, ఇంటి బూస్టర్ పంపు ఇచ్చేది సరిపోతుంది. ఇంటి యంత్రంలో ఉండే ఒక్క చిన్న మెంబ్రేన్‌కు సున్నం పట్టకుండా ధారాళంగా నీళ్లు వదలడం తయారీదారుకు చవకైన ఉపాయం. ఆ చవకదనం ఖర్చు ఊరి బోర్ల మీద, కుళాయిల మీద పడుతోంది.

దిగుబడి పెంచే దారులు కొత్తవేమీ కావు. మొదటిది ఒత్తిడి. నీటిని ముందే వడగట్టే, తెల్లగా ఉండాల్సిన క్యాండిల్ ఫిల్టర్ మట్టి పట్టి ఎర్రబారినా మార్చకపోతే పంపుకు నీరు సరిగా అందదు, మెంబ్రేన్ మీద ఒత్తిడి పడిపోతుంది, మంచినీటి ధార సన్నబడుతుంది. రెండోది వృథా గొట్టానికి బిగించే ఎఫ్‌ఆర్ (ఫ్లో రెస్ట్రిక్టర్). వేలెడంత ఉండే ఈ ముక్కే బయటికి పోయే నీటిని అదుపు చేస్తుంది. మెంబ్రేన్ సామర్థ్యాన్ని, ఆ ఊరి నీటిని చూసి దాన్ని ఎంచాలి. అన్ని ఊళ్లకూ ఒకటే బిగిస్తే లవణాలు తక్కువున్న చోట నీళ్లు ఊరికే పోతాయి, ఎక్కువున్న చోట మెంబ్రేన్ పాడవుతుంది. మూడోది రెండో మెంబ్రేన్ అమర్చడం, లేదా వృథా నీటిలో కొంత భాగాన్ని తిరిగి పంపులోకి మళ్లించడం. వీటితో పాటు దొంగదారి ఒకటుంది. టీడీఎస్ (లీటరు నీటిలో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) కంట్రోలర్ మర తిప్పితే ట్యాంకు త్వరగా నిండుతుంది. కానీ ఆ పెరిగినది మెంబ్రేన్‌ను దాటకుండా పక్కదారిన వచ్చి కలిసిన నీరు. ఫ్లోరైడ్ నీళ్లున్న ఊళ్లో ఈ మర తిప్పడమంటే ఏ విషాన్ని ఆపడానికి యంత్రం కొన్నారో దాన్నే గ్లాసులోకి తెచ్చుకోవడం. డబ్బా మీద రాసే అంకెలో ఈ కలుపు నీటిని లెక్కించకూడదు.

దిగుబడి పెంచితే మెంబ్రేన్ త్వరగా పాడవుతుందని తయారీదారులు అంటారు. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. వెయ్యి టీడీఎస్ నీటిలో సగాన్ని మంచినీరుగా తీస్తే మిగిలే నీటి టీడీఎస్ రెండు వేల దాకా, మూడొంతులు తీస్తే నాలుగు వేల దాకా పెరుగుతుంది. కాల్షియం ఎక్కువున్న బోరునీటిలో సున్నం పేరుకుంటుంది. దీనికి విరుగుడు కూడా తెలిసిందే. సున్నం పట్టకుండా ఆపే మందు వాడాలి, మెంబ్రేన్‌ను అప్పుడప్పుడు తనంతట తానే కడుక్కునే ఏర్పాటు పెట్టాలి, ఫిల్టర్లు సకాలంలో మార్చాలి. దీనివల్ల యంత్రం ధర కొంత పెరుగుతుంది. తక్కువ ధరకు వచ్చే యంత్రం ఎంత నీరు మింగుతుందో తెలిస్తేనే కొనేవారు ధరనూ నీటి వృథానూ బేరీజు వేసుకోగలరు. ఫ్రిజ్, ఏసీ కొనేటప్పుడు కరెంటు కోసం నక్షత్రాలు చూసుకునే అవకాశం మనకు ఇప్పటికే ఉంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2024లో ఇళ్ల ఆర్‌ఓలకూ నీటి పొదుపును సూచించే వాటర్‌సెన్స్ ముద్ర నిబంధన తెచ్చింది. లీటరు మంచినీటికి 2.3 లీటర్లకు మించి వృథా చేసే యంత్రానికి ఆ ముద్ర దక్కదు.

వృథా నీటితో ఇల్లు తుడుచుకోవచ్చు, బాత్రూమ్ కడుక్కోవచ్చు కదా అనేవారున్నారు. తప్పకుండా వాడుకోవాలి. కానీ రోజూ 60 లీటర్లను బకెట్లకు పట్టి మోసే ఓపిక, తీరిక ఎన్ని ఇళ్లలో ఉంటాయి? ఉప్పు ఎక్కువైన నీరు మొక్కలకూ మంచిది కాదు. అసలు చాలా చోట్ల ఆర్‌ఓ అవసరమే లేదు. భారత ప్రమాణాల సంస్థ తాగునీటిలో టీడీఎస్ 500 వరకు ఆమోదయోగ్యమంటోంది. నది నీటిని శుద్ధిచేసి సరఫరా చేసే నగరాల్లో టీడీఎస్ సాధారణంగా ఆ లోపే ఉంటుంది. అక్కడ క్రిములను చంపే యూవీ, మట్టిని ఆపే ఫిల్టర్ చాలు. ఫ్లోరైడ్ పీడించిన నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో నది నీరందని ఊళ్లకు మాత్రం ఆర్‌ఓ ఆసరా. అక్కడ దిగుబడి పెరిగితే వృథా నీటిలో ఫ్లోరైడ్ మరింత చిక్కబడుతుంది. దాన్ని ఇంటి ముందు గుంటలోకి, బోరు పక్కకు వదలకుండా చూడాల్సిన బాధ్యత పంచాయతీలది.

జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019 మేలోనే దారి చూపింది. టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్‌ఓను నిషేధించాలని, అనుమతించిన చోట నూటికి 60 లీటర్లకు పైగా మంచినీరు రావాలని, తర్వాత దాన్ని 75కు పెంచాలని చెప్పింది. తయారీదారుల సంఘం సుప్రీంకోర్టుకెక్కింది. నిషేధం మీద వాదన ఎంతకాలం సాగినా అంకె ముద్రించడానికి అది అడ్డు కానక్కర్లేదు. అయితే ఆ అంకెను ప్రయోగశాలలోని తేటనీటితో తేల్చకూడదు. మన బోర్లలో దొరికే కఠిన జలంతో, మెంబ్రేన్ కొన్ని నెలలు పనిచేశాక పరీక్షించి తేల్చాలి. రాష్ట్ర ప్రభుత్వాలు తమ బడులకు, ఆసుపత్రులకు, ఊరి ప్లాంట్లకు యంత్రాలు కొనే టెండర్లలో ఈ షరతు ఈరోజే పెట్టవచ్చు. పాఠకులు చేయగలిగింది కూడా ఉంది. మంచినీటి గొట్టం, వృథా గొట్టం కింద రెండు బకెట్లు పెట్టి పది నిమిషాలు పట్టి చూడండి, మీ యంత్రం లెక్క తేలిపోతుంది. కొత్తది కొనేటప్పుడు ఎన్ని లీటర్లు పారబోస్తుందని అడగండి. కాగితం మీద జవాబు రాసివ్వని యంత్రాన్ని కొనకండి.