పోయింది దారి కాదు, టైము!

విజయవాడలో మా అక్కయ్య కూతురి పెళ్లి. ముహూర్తం ఉదయం 10 గంటల 12 నిమిషాలకు. మేనమామను కదా, పెళ్లికూతుర్ని బుట్టలో మోసుకొచ్చే పని నాదే. ఎల్బీనగర్ నుంచి సుమారు 260 కిలోమీటర్లు. 9 కల్లా అక్కడుండాలని తెల్లవారుజామున 5కి బయల్దేరాం. 260ని 4తో భాగిస్తే సగటున గంటకు 65. కంగారేముంది అనుకున్నాం.

చౌటుప్పల్ ముందు ఓ లారీ రోడ్డుకు అడ్డం తిరిగింది. ఆ 40 కిలోమీటర్లు దాటేసరికి 7 అయింది.

'పోయింది 40 కిలోమీటర్లేగా మామయ్యగారూ! మిగతా 220 ఉంది. 75 మీద పోనిస్తే సర్దుకుంటుంది' అన్నాడు అల్లుడు. నాకూ సబబుగానే తోచింది. వెనక సీట్లోంచి ఏడో తరగతి మనవరాలు ఒప్పుకోలేదు.

'రెండు గంటలే ఉన్నాయి నాన్నా. 220 బై 2... 110!'

ఇక్కడే అందరం బోల్తా పడతాం. సగటు వేగమంటే మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించడం. మాకు పోయింది దారిలో ఆరోవంతైనా కాదు, టైములో మాత్రం సగం! ఊరికి 120 కిలోమీటర్లు 60తో వెళ్లి, 40తో తిరిగొచ్చారనుకోండి. సగటు 50 అనేస్తాం. వెళ్లడానికి 2 గంటలు, రావడానికి 3 గంటలు. 240ని 5తో భాగించి చూడండి, 48 వస్తుంది. నెమ్మదిగా నడిచిన దారి ఎక్కువ టైము తినేస్తుంది మరి.

పైగా 110 అన్నది సగటు. టోల్‌గేటు దగ్గర ఆగిన నిమిషాలూ అందులోవే. అవి పూడాలంటే ముల్లు 130 దాకా పోవాలి. నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితే 100. కార్లో పసిపిల్ల ఉంది.

సగటున 80తో వెళితే రెండు ముప్పావు గంటలు. అంటే 9.45. ముహూర్తానికి అందుతాం, పోయేది ఇడ్లీ, ఉప్మా. అక్కయ్యకు ఫోన్ చేసి ఆ మాటే చెప్పా. 'నీ లెక్కలు తర్వాత, ముందు నువ్వు రా' అని పెట్టేసింది.

మండపం మెట్లెక్కేసరికి 9.50. అక్కయ్య పలకరించలేదు. బుట్ట మాత్రం చూపించింది.